ఓసీడీకి సెర్ట్రాలిన్ 50 మొదలుపెట్టి ఐదు వారాలు, మార్పు లేదు. ఆపేయాలా?

లంకగట్టు:

మా వదినకి 29 ఏళ్ళండి. ఊరు పి.గన్నవరం దగ్గర లంక. చేతులు కడగడం, స్టవ్వు కట్టానా లేదా అని పదేపదే వెళ్ళి చూడడం, స్నానానికి గంటన్నర. ఓసీడీ, అంటే వద్దన్నా అదే ఆలోచన వచ్చి చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు అని రాజమండ్రిలో సైకియాట్రిస్టు గారు చెప్పారు. సెర్ట్రాలిన్ 50 మి.గ్రా. పొద్దున్న టిఫిన్ అయ్యాక, క్లోనాజెపామ్ 0.5 రాత్రి. మొదటి పది రోజులు కడుపులో తిప్పింది, కంగారు కూడా కాస్త పెరిగింది. అవి సర్దుకున్నాయి గానీ కడగడం మాత్రం అలాగే ఉంది. సోమవారం మళ్ళీ చూపించాలి.

ఇంట్లో తలో మాట. "పనిచెయ్యని బిళ్ళలు దేనికి, కిడ్నీలు పోతాయి" అని ఒకరు, "అలవాటైతే జన్మంతా మింగాల్సిందే" అని ఒకరు, "అది జబ్బేంటి, మడి ఎక్కువ, చాదస్తం" అని ఇంకొకరు. తెలిసినవాళ్ళు చెప్పండి. డోసు పెంచాలా, మందే మార్చాలా? నడుం నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ గారి దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటుంది, దీంతో పడుతుందా? గోదారి పొంగితే మాకు పడవే దిక్కు. మందు అందకపోతే రెండు రోజులు మానొచ్చా?

సైకియాట్రీ_కాకినాడ:

ఆపకండి. 50 మి.గ్రా. మీద ఐదు వారాలు చూసి ఓసీడీలో మందు పనిచెయ్యలేదని తేల్చలేం.

డిప్రెషన్‌కి ఇదే బిళ్ళ 50తోనే మూడు నాలుగు వారాల్లో తేడా చూపించొచ్చు. చుట్టాల్లో ఎవరో ఒకరు అలా బాగుపడి ఉంటారు, ఆ లెక్కే దీనికీ వేస్తారు. ఓసీడీకి డోసూ ఎక్కువే కావాలి, ఓపికా ఎక్కువే కావాలి. సెర్ట్రాలిన్ 200 వరకు, ఫ్లూఆక్సెటిన్ 40 నుంచి 60, కొందరికి 80, ఫ్లూవాక్సమిన్ 200 నుంచి 300, పారాక్సెటిన్ 40 నుంచి 60 మి.గ్రా. దాకా వెళ్ళాల్సి వస్తుంది. మొత్తం 12 వారాలు వాడాలి. అందులో కనీసం 4 నుంచి 6 వారాలు మనిషి తట్టుకోగలిగిన పెద్ద డోసు మీద ఉండాలి. అప్పటికీ కదలిక లేకపోతే మందు మార్చే మాట.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఒక మందు చిన్న డోసులో నెలన్నర, విసుగొచ్చి డాక్టరుని మార్చి ఇంకో మందు చిన్న డోసులో నెల, తరవాత మూడోది. ఫైల్లో మూడు మందులు పనిచెయ్యలేదని ఉంటుంది, నిజానికి ఒక్కటీ సరిగ్గా వాడి ఉండరు. అలా చేసుకుంటూ ఏళ్ళు పోగొట్టుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి ఆ దారి పట్టకండి.

సోమవారం బహుశా 100 చేస్తారు. ఆ తరవాత వారం, రెండు వారాల తేడాతో 150, 200. మీ అంతట మీరు మాత్రం పెంచకండి. పెంచే ముందు డాక్టరు అడిగి తెలుసుకోవాల్సినవి ఉంటాయి. ముఖ్యంగా ఆమెకి గానీ రక్తసంబంధీకులకి గానీ బైపోలార్ (కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బు) ఉందా అన్నది. ఉంటే ఈ మందు ఒక్కటే ఇచ్చినప్పుడు మనిషి అతి హుషారులోకి వెళ్ళిపోవచ్చు.

మార్పు ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, మేం వై-బాక్స్ అనే కొలత వాడతాం. 10 ప్రశ్నలు, 0 నుంచి 40 మార్కులు. మొదట్లో ఉన్న మార్కు మీద 35 శాతం తగ్గితే మందు పనిచేసినట్టు లెక్క. అంటే 28 ఉన్నది 18కి దిగితే బాగా స్పందించినట్టే, సున్నా కానక్కర్లేదు. ఇంట్లో మీరు చేయగలిగింది ఇంకా తేలిక. కొత్త సబ్బు విప్పిన రోజున దాని కాగితం మీద తేదీ రాసి గోడమేకుకి గుచ్చండి. నాలుగు రోజులకి కరిగే సబ్బు ఆరు రోజులొచ్చిందంటే అది మార్పు. ఆలోచన మొత్తం పోవాలని కూర్చోకండి. ఆలోచన వచ్చాక చెయ్యి కుళాయి దాకా వెళ్ళడానికి ముందుకన్నా పది నిమిషాలు ఎక్కువ పడుతోందా, అదీ మార్పే. ఈ లెక్క కాగితం సోమవారం పట్టుకెళ్తే, "ఎలా ఉంది?" అంటే "అలాగే ఉందండి" అనే జవాబుకన్నా నూరు రెట్లు మేలు.

డోసు పెరిగిన ప్రతిసారీ మొదటి రెండు వారాలు కనిపెట్టుకుని ఉండండి. వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెదరడం మామూలే, తగ్గిపోతాయి. కానీ ఒక్కచోట కూర్చోలేనంత అస్తిమితం, చావు గురించిన మాటలు కనిపిస్తే సోమవారం దాకా ఆగకండి, అదే రోజు డాక్టరుకి చెప్పండి. పిల్లల్లో ఇలాంటి ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఔషధ సంస్థ 2004లో హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ వయసు దాకా పెంచింది. మీ వదిన ఆ వయసు దాటారు, అయినా కనిపెట్టుకోవడంలో నష్టం లేదు. రాత్రి మూడు గంటలే పడుకుని అలుపు లేకుండా తిరుగుతూ, మాట ఆపకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతున్నా అంతే, వెంటనే చెప్పాలి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదకొచ్చేలా ఉంటే మాత్రం ఫోన్లతో కాలయాపన వద్దు, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

క్లోనాజెపామ్ ఓసీడీకి మందు కాదు. మొదటి వారాల కంగారుకి గొడుగు లాంటిది. అలవాటు పడే గుణం దానికి ఉంది, సెర్ట్రాలిన్‌కి కాదు. ఎప్పుడు, ఎలా తగ్గించాలో సోమవారం మీరే అడగండి. మీరుగా ఒక్కసారి ఆపెయ్యకండి. ఇక కిడ్నీల మాట: సెర్ట్రాలిన్‌ని ఒంట్లో విరిచేది లివరు, ఇది కిడ్నీలని పాడుచేసే మందు కాదు.

మందులకొట్టు_రావులపాలెం:

ఇంజెక్షన్ సంగతి నేను చెబుతానండి. ముందు దాని పేరు కనుక్కోండి. నొప్పి సూది అంటే మన వైపు సాధారణంగా డైక్లోఫెనాకో, ట్రమడాలో అయి ఉంటుంది. ట్రమడాల్ అయితే సెర్ట్రాలిన్ వాడే మనిషికి వద్దు. రెండూ సెరటోనిన్‌ని (మెదడులో కబుర్లు మోసే రసాయనం) పెంచేవే, పైగా ట్రమడాల్‌కి ఫిట్స్ తెచ్చే గుణం ఉంది. బిళ్ళల్లో కూడా ఇది దాక్కుని ఉంటుంది. ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిపిన బిళ్ళ బాగా నడుస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండు పేరు చూసి మీకు ఏమీ తెలియదు. అట్ట తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి.

సెరటోనిన్ మితిమీరితే చెమటలు, వణుకు, విరేచనాలు, గుండెదడ, జ్వరం, కాళ్ళు అదరడం, మాట తడబడడం. సాధారణంగా 24 గంటల్లోపే, చాలాసార్లు ఆరు గంటల్లోనే మొదలవుతుంది. మే నెల ఎండల్లో దీన్ని వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టించి పడుకోబెట్టే ప్రమాదం ఉంది. కొత్త మందో కొత్త సూదో పడిన రోజే ఇవన్నీ వస్తే ఇంట్లో ఉంచకండి. వాడే అట్టలన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ డాక్టరు మొదట అడిగేది ఏమేం వేసుకున్నారనే.

పొడి దగ్గు సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్నా, యాంటీబయాటిక్‌గా లినెజోలిడ్ రాసినా ఇదే గొడవ. ఏ డాక్టరు దగ్గరకి వెళ్ళినా, పంటి డాక్టరు దగ్గరకైనా సరే, కూర్చోగానే "సెర్ట్రాలిన్ వాడుతున్నానండి" అని చెప్పమనండి.

డైక్లోఫెనాక్ అయితే గొడవ వేరు. సెర్ట్రాలిన్ రక్తం గడ్డకట్టే పనిని కాస్త మందగిస్తుంది, నొప్పి మందు కడుపు గోడని గీరుతుంది. రెండూ కలిస్తే లోపల రక్తం కారే అవకాశం పెరుగుతుంది. విరేచనం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయకూడదు. నడుం నొప్పికి పారాసిటమాల్ 500 గానీ 650 గానీ చాలామందికి సరిపోతుంది. అసలు ఆ నొప్పి గంటన్నర వంగి కడగడం వల్లా అన్నది కూడా డాక్టరు చేత చూపించుకోండి.

ఇంకో సంగతి. రేపెప్పుడైనా సెర్ట్రాలిన్ మార్చి ఫ్లూవాక్సమిన్ రాశారనుకోండి, కండరాలు పట్టేసిన నొప్పికి వాడే టిజానిడిన్ ఇంట్లోంచి తీసెయ్యండి. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కాఫీ కూడా ఒంట్లో చాలాసేపు నిలిచిపోతుంది, రెండు కప్పుల మనిషికి నాలుగు కప్పుల దడ.

బ్రాండు మారితే భయం లేదు. జోసర్ట్ అయినా, డాక్సిడ్ అయినా, జనఔషధి బిళ్ళ అయినా వెనక "సెర్ట్రాలిన్" అనీ అదే మి.గ్రా. అనీ ఉంటే చాలు. ప్రమాదం ఎక్కడంటే, పాత అట్టలో మిగిలినవీ కొత్త అట్టలోవీ రెండు వేర్వేరు మందులనుకుని రెండూ మింగడం. అడ్డగీత ఉన్న మామూలు బిళ్ళని సగం చెయ్యొచ్చు. పేరు పక్కన సీఆర్, ఎస్‌ఆర్ అని ఉన్నవాటిని విరవకూడదు, నమలకూడదు. నెమ్మదిగా రావాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

వరదల మాటకొస్తే, జూలై మొదటికే కనీసం 15 రోజుల బిళ్ళలు చేతిలో ఎక్కువ ఉండేలా డాక్టరు చేత రాయించుకోండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఎగరేశారని వినగానే అట్టలు లెక్కపెట్టుకోండి. రేవు దాటే వీలు అప్పటికి ఇంకా ఉంటుంది, 13.75 దాటాక పరుగు పెట్టి లాభం లేదు. బిళ్ళలు అట్టలోంచి ముందే ఒలిచి సీసాలో పోసి ఉంచకండి, మన తేమకి మెత్తబడతాయి. అట్టలూ చీటీ జిరాక్సూ కలిపి జిప్పు కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. పొయ్యి దగ్గరా, ఫ్రిజ్జు మీదా వద్దు.

ఒక పూట మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాటికి గుర్తొస్తే పోయింది పోయిందే, రెండు కలిపి మింగకూడదు. రెండు రోజులు వరసగా పోతే ప్రాణం మీదకేమీ రాదు. కానీ మూడో రోజుకి తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జుమ్మనడం, చిరాకు మొదలవ్వొచ్చు. కాబట్టి మానొచ్చా అనే ప్రశ్నకి జవాబు, కావాలని మానకూడదు.

మనస్తత్వం_అమలాపురం:

డోసుల గురించి పెద్దలు చెప్పారు. నేను క్లినికల్ సైకాలజీ వైపు నుంచి ఒక్కటి చెప్పాలి, ఇంట్లోవాళ్ళు చూసుకోనిది: బిళ్ళ కూడా ఓసీడీలో ఇరుక్కుంటుంది.

అట్టని కడిగి తుడిచి అప్పుడు బిళ్ళ తీయడం, వేలు తగిలిందని ఆ బిళ్ళ పారేసి ఇంకోటి తీయడం, "వేసుకున్నానా లేదా" అన్న అనుమానంతో రెండోసారి మింగడం. చివరిది నిజంగా ప్రమాదం, పెద్ద డోసులో ఉన్నప్పుడు మరీను. దీనికి ఏడు గదుల డబ్బా ఒకటి కొనండి, వారాల పేర్లు ఉన్నది. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా ఆమే నింపాలి, మీరు కాదు. వారం బిళ్ళలకి తేమ భయం లేదు, నెల సరుకు మాత్రం అట్టల్లోనే ఉండాలి. పొద్దున్న బిళ్ళ తీశాక ఆ గది మూత తెరిచే వదిలెయ్యాలి. అనుమానం వస్తే ఒక్కసారి చూడొచ్చు. తెరిచి ఉంటే వేసుకున్నట్టే. రెండోసారి చూడకూడదు, ఎవరినీ అడగకూడదు. ఈ గీత గియ్యకపోతే డబ్బా చూడడమే ఇంకో స్టవ్వు చూడడం అయిపోతుంది.

అలాగే "ఈ బిళ్ళ వల్ల నాకేం కాదు కదా?" అని రోజుకి పదిసార్లు అడుగుతారు. మొదటిసారి నిజం చెప్పండి, నెమ్మదిగా. తరవాతి తొమ్మిదిసార్లూ "దీనికి జవాబు పొద్దున్నే అనుకున్నాం కదా వదినా" అని ఊరుకోండి. ప్రతిసారీ ఓదార్చడం ప్రేమే గానీ, జబ్బుకి అది మేత. స్టవ్వు విషయం కూడా అంతే, ఆమె బదులు మీరెళ్ళి చూసి రావద్దు.

మడి అనే మాట గురించి. మడికి ఒక మొదలూ ఒక ముగింపూ ఉంటాయి. తానం చేసి, ఆరిన మడిబట్ట కట్టుకుని, వంటో పూజో అయ్యాక విడిచేస్తే అయిపోయింది, ఆ మనిషి హాయిగా కూర్చుంటుంది. ఓసీడీకి ముగింపు దొరకదు. ఎన్నిసార్లు కడిగినా "అయింది" అన్న తృప్తి రాదు, కడుగుతున్న మనిషే ఏడుస్తూ కడుగుతుంది. ఈ తేడా పెద్దవాళ్ళకి చెప్పి చూడండి, చాదస్తం అనే మాట వాళ్ళే మానేస్తారు.

మందుతో పాటు ఈఆర్‌పీ అనే థెరపీ అడగండి. భయపడే పనికి కొద్దికొద్దిగా ఎదురెళ్ళి, ఆ తరవాత కడగకుండా ఆగడం నేర్పిస్తారు. 100 మార్కుల భయంతో మొదలుపెట్టరు. చెప్పు తాకడం 80 అనుకుంటే, తలుపు గడియ తాకడం 30 అనుకుంటే, గడియతో మొదలు. తాకి, కడగకుండా, కంగారు దానంతట అది దిగేదాకా కూర్చోవాలి. మొదటిరోజు నలభై నిమిషాలు పట్టొచ్చు. మామూలుగా 12 నుంచి 20 సిట్టింగులు. మందు ఆ మెట్ల ఎత్తు తగ్గిస్తుంది, ఎక్కడం మాత్రం ఆమే ఎక్కాలి. ఆన్‌లైన్‌లో కూడా చేస్తారు, లంక నుంచి ప్రతివారం రాజమండ్రి రానక్కర్లేదు.

లంకగట్టు:

ఆయ్, చాలా విషయాలు తెలిశాయండి. ఆర్‌ఎంపీ గారిని అడిగాను, నిరుటి నుంచీ ఇచ్చేది డైక్లోఫెనాకేనట. నడుం నొప్పికి వాడే బిళ్ళల అట్ట తిప్పి చూస్తే మాత్రం ట్రమడాల్ ఉంది. పక్కన పెట్టేశాం.

ఇంకా మూడు అడగాలి. ఏడాదిలో పిల్లల కోసం అనుకుంటున్నారు, అప్పుడు మందు ఆపాలా? బాగయ్యాక ఎన్నాళ్ళు వాడాలి? మూడోది, వదినవాళ్ళ అమ్మగారు, 66 ఏళ్ళు, ఇక్కడే ఉంటున్నారు. బీపీకి టెల్మిసార్టాన్ హెచ్ వాడతారు. ఆవిడకి కంగారని ఈమధ్య ఎస్సిటలోప్రామ్ రాశారు. ఇద్దరి బిళ్ళలూ ఒకే స్టీలు డబ్బాలో ఉంటున్నాయి.

సైకియాట్రీ_కాకినాడ:

ముందు మూడోదానికి చెబుతాను, అది తొందరది. టెల్మిసార్టాన్ పక్కన ఆ "హెచ్" అంటే హైడ్రోక్లోరోథయాజైడ్, ఉప్పూ నీరూ మూత్రంలో పంపేది. ఎస్సిటలోప్రామ్ రకం మందులు పెద్ద వయసులో రక్తంలో సోడియంని పడేస్తాయి. రెండూ కలిస్తే ఇంకా దిగుతుంది. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. తగ్గితే నీరసం, తలనొప్పి, వికారం, తూలి పడడం, పొంతన లేని మాటలు. ఇంట్లో దాన్ని వయసు మీద తోసేస్తారు. మజ్జిగలో ఇంత ఉప్పు వేసి ఇస్తే సరిపోతుందని ఊరుకోకండి, బీపీ మనిషికి అదొక తంటా. ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టిన రెండు మూడు వారాలకి సోడియం పరీక్ష చేయించండి. మాటలు తేడాగా ఉంటే ఈరోజే. ఆ వయసులో ఎస్సిటలోప్రామ్ మామూలుగా 10 మి.గ్రా. దాటకూడదు, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది. ఈసీజీ అవసరమా అని రాసిన డాక్టరునే అడగండి. మీరుగా ఏదీ ఆపొద్దు.

పిల్లల సంగతి. నెల తప్పిందని తెలిసిన రోజున భయపడి మందు ఒక్కసారి ఆపెయ్యడం అన్నిటికన్నా చెడ్డ దారి. జబ్బు తిరగబెట్టి గర్భిణి తిండీ నిద్రా మానేసి కడుగుతూ కూర్చుంటే అదీ కడుపులో బిడ్డకి మంచిది కాదు. సెర్ట్రాలిన్ గర్భంలోనూ పాలిచ్చేటప్పుడూ ఎక్కువగా ఎంచుకునే మందు, పాలలోకి వెళ్ళేది చాలా తక్కువ. పారాక్సెటిన్ మాత్రం మొదటి మూడు నెలల్లో పిండం గుండె మీద ప్రభావం ఉంటుందని తప్పిస్తాం. చివరి నెలల్లో వాడితే పుట్టిన బిడ్డ కొన్ని రోజులు కాస్త వణుకుగా, చిరాకుగా ఉండొచ్చు. అందుకని కాన్పు డాక్టరుకీ పిల్లల డాక్టరుకీ ముందే తెలిసి ఉండాలి. ఆ క్లోనాజెపామ్ ఈలోపే తగ్గించుకోవడం మంచిది. ఈ మాట సోమవారమే చెప్పండి, డాక్టరు ముందునుంచీ ఆ లెక్కన మందు నడుపుతారు.

ఎన్నాళ్ళంటే, బాగా తగ్గాక ఒకటి నుంచి రెండేళ్ళు, ఏ డోసు మీద బాగయ్యారో ఆ డోసు మీదే. "బాగుంది కదా, సగం చాలు" అని మొదటి సంక్రాంతికే తగ్గించుకునేవాళ్ళే ఎక్కువగా మళ్ళీ మొదటికొస్తారు. తగ్గించేటప్పుడు నెలకో రెండు నెలలకో 10 నుంచి 25 శాతం చొప్పున దిగాలి. 200 నుంచి 150, తరవాత 125, 100, అలా. దిగిన రెండు మూడు రోజుల్లో వచ్చే తలతిప్పు, జుమ్మనడం మందు తగ్గినందుకు వచ్చేవి, కొద్దివారాల్లో పోతాయి. వారాలో నెలలో గడిచాక కడగడం మెల్లగా పెరుగుతుంటే అది జబ్బు తిరగబెట్టడం. రెండిటికీ వైద్యం వేరు, అందుకే తేదీలు రాసుకోమనేది. దిగేటప్పుడూ ఆ సబ్బు కాగితాలు పనికొస్తాయి.

ఒకవేళ 200 దాకా వెళ్ళి మొత్తం 12 వారాలు పూర్తయినా చాలకపోతే, ఇంకో మందుకి మారుస్తారు, లేదా అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటిది చిన్న డోసులో జత చేస్తారు. ఆ పేరు నెట్లో కొట్టి స్కిజోఫ్రీనియా అని చూసి హడలిపోకండి. క్లోమిప్రమిన్ అని పాత మందు ఉంది, అమెరికాలో ఓసీడీకి 1989లో అనుమతి పొందింది, ఇప్పటికీ గట్టిదే. దానికి ముందు ఈసీజీ తీయాలి, 250 మి.గ్రా. దాటితే ఫిట్స్ భయం ఎక్కువ, మలబద్ధకం, నోరు ఎండడం ఉంటాయి. ఎక్కువ మింగితే ప్రాణాపాయం కాబట్టి ఇంట్లో ఒకేసారి నెలల సరుకు ఉంచరు.

మందులకొట్టు_రావులపాలెం:

ఆ స్టీలు డబ్బా ఈరోజే విడదీయండి. అమ్మగారి బిళ్ళలు ఒక రంగు డబ్బా, వదినగారివి ఇంకో రంగు, వేర్వేరు గదుల్లో. 50, 100 సెర్ట్రాలిన్ బిళ్ళలు చాలా బ్రాండ్లలో చూపుకి ఒకలాగే ఉంటాయి. సోమవారం డోసు మారితే, పాత 50 అట్టలు వాడుకోవాలా, వాడుకుంటే ఎన్ని కలపాలి అన్నది చీటీ మీదే రాయించుకుని రండి. ట్రమడాల్ ఉన్న ఆ అట్ట పక్కన పెట్టడం కాదు, ఇంట్లోంచే తీసెయ్యండి. రాత్రిపూట నడుం పట్టేస్తే చీకట్లో చెయ్యి దానిమీదకే వెళ్తుంది.